మామిడి పండు ఈగయు, దానికి వచ్చిన క్రొత్త పేరును

(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



నేను కీటకశాస్త్రమును చదివినవాడను కాను. రివిన్యూ శాఖయందు కాగితములు తర్జుమా చేయుటయే నా వృత్తి. ఆ పనిలో నేను తరచుగా చూచిన దొకటి కలదు. ఒకే పట్టాదారు ఒక దస్త్రమున ఇంటిపేరుతోను, మరియొక దస్త్రమున ఊరిపేరుతోను వ్రాయబడి యుండును. చదువువారు అతనిని ఇద్దరు మనుష్యులుగా నెంచుదురు. అంతట తగాదా పుట్టును. భూమి యొకరి పేరను, శిస్తు మరియొకరి పేరను నిలుచును. నేడు నేను చెప్పబూనిన ఈగ విషయమునను ఇట్టి పొరబాటే జరిగినది. ఆ ఈగ మీ మామిడి తోటలలోనిదే గనుక ఈ వృత్తాంతము మీరు వినదగియున్నది.

2003వ సంవత్సరమున ఆఫ్రికా ఖండపు తూర్పు తీరముననున్న కెన్యా దేశమందు, మామిడి పండ్లను పాడుచేయుచున్న ఒక ఈగ కనుగొనబడెను. అచ్చటి రైతులు ఎరిగిన పాత పండు ఈగలకును దీనికిని పోలిక లేకుండెను. అదే సంవత్సరమున పొరుగుననున్న టాంజానియాయందును అది కానవచ్చెను. కొలది యేండ్లలో ఆ ఖండపు పడమటి తీరము వరకు వ్యాపించెను. ఇట్టి ఈగయే శ్రీలంకయందును కలదని తెలిసి, డ్రూ, త్సురూటా, వైట్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 2005లో దీనిని క్రొత్త జాతిగా వర్ణించి, బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్ అని పేరిడిరి. ఇన్వాడెన్స్ అనగా లాటిను భాషయందు దండెత్తి వచ్చునది యని యర్థము. అది చేసిన పనికి తగిన పేరే.

క్రొత్త జాతిని వర్ణించుట యనగా నేమి? అది మన సర్వే పద్ధతి వంటిది. పొలమునకు నాలుగు హద్దులను వ్రాసినట్లే, ప్రాణియొక్క కొలతలను, రంగును, రెక్కలపై గీతలను, కాళ్లను, రోమములను వ్రాసి, దగ్గరి జాతులతో నెచ్చట భేదించునో చూపుదురు. ఆ వర్ణనకు ఆధారమైన ఒక నమూనాను సూదికి గ్రుచ్చి మ్యూజియమున భద్రపరతురు. ముందు సందేహము కలిగినప్పుడు ఆ నమూనాయే సాక్ష్యము. ఒకే ప్రాణికి ఇద్దరు వేర్వేరు కాలములందు పేర్లు పెట్టియుండినచో, ముందు పెట్టిన పేరే చెల్లును.

ఇక ఈ ఈగ రూపమును చెప్పెదను. పరిమాణమున ఇంటి ఈగ యంత యుండును. చూపునకు చిన్న కందిరీగను బోలును. వీపునకు ఇరుప్రక్కల రెండు పసుపుపచ్చని చారలు కలవు. రెక్కలు తేటగా నుండి, ముందటి అంచున సన్నని గోధుమరంగు గీత గలిగియుండును. పొట్టపై ఇంగ్లీషు టీ అక్షరము వంటి నల్లని గుర్తు కనబడును. మన దేశపు మామిడి ఈగకును ఈ లక్షణము లన్నియు కలవు. మన ఈగకు 1912లో హెండెల్ అను శాస్త్రజ్ఞుడు తైవాన్ ద్వీపపు నమూనాలను బట్టి డోర్సాలిస్ అను పేరిడియుండెను. ఆఫ్రికా ఈగ వీపు నలుపుగా నుండక తుప్పురంగుగా నుండుట ముఖ్య భేదముగా నెంచబడెను. కాని ఆ రంగు స్థిరమైనది కాదు. తుప్పురంగు మొదలు కారునలుపు వరకు అన్ని ఛాయలును ఆ యొక్క ఈగయందే కలవు.

పేరు వేరైనందున కష్టములు పెరిగెను. పండ్లు కొను దేశములు క్రొత్త ఈగ యను భయముచే తలుపులు మూసికొనెను. కెన్యానుండి వచ్చు అవొకాడో యను వెన్నపండ్లను 2007లో దక్షిణాఫ్రికా నిషేధించెను. ఒక ఈగపై నిరూపించబడిన చికిత్స మరియొక పేరుగల ఈగపై పనిచేయునని మరల నిరూపించనిదే కొనువారు ఒప్పుకొనరు. అంతవరకు నష్టము భరించువాడు రైతే.

కావున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు కలిసి అనేక దేశముల శాస్త్రజ్ఞులచే పరిశోధన చేయించెను. వారు వీపు రంగునొక్కటే చూచి ఊరకుండలేదు. రెండు దేశముల ఈగలను ఒకచోట విడిచి అవి జతకట్టునా యని చూచిరి, జతకట్టెను. వాటి సంతానము గొడ్డుపోవునా యని చూచిరి, పోలేదు. మగ ఈగలు వెదజల్లు వాసనలను, వంశ లక్షణములను మోయు జన్యువులను పోల్చిరి, భేదము కానరాలేదు. తుదకు 2014లో ఇన్వాడెన్స్ అనునది వేరు జాతి కాదనియు, అది పాత డోర్సాలిసే యనియు తీర్మానించిరి. మలయా ప్రాంతమున పాపాయే యనియు, ఫిలిప్పీన్ ద్వీపములందు ఫిలిప్పినెన్సిస్ అనియు 1994లో పేర్లు పొందిన ఈగలును ఇదేయని తేలెను. అయితే కారంబోలే యను దగ్గరి ఈగ నిజముగా వేరని తేలినందున దాని పేరు నిలిచియున్నది. విచారణ యనగా పేర్లను కలుపుట మాత్రమే కాదు, కలుపరానిదానిని కలుపకుండుటయు.

దీనివలన మనకేమి యని మీరడుగవచ్చును. ఈగ యేదో తెలిసిననే మందేదో తెలియును. 1912లో, అప్పుడు బీహారులోని పూసాయందుండిన వ్యవసాయ పరిశోధనాలయమున హౌలెట్ అను శాస్త్రజ్ఞుడు, దోమలను తోలుటకు వాడు నిమ్మగడ్డి జాతి నూనెకు పండు ఈగలలోని మగవి గుంపులుగా వచ్చుటను ప్రకటించెను. వాటిని ఆకర్షించు ద్రవ్యము మిథైల్ యూజినాల్ అని తరువాత తెలిసెను. అది మన తులసియందును కలదు. నేడు తోటలలో వ్రేలాడగట్టు ఎరబుట్టలకు మూలమిదియే. అయితే బీర, కాకర, దోస, సొర కాయలను పాడుచేయు ఈగ వేరు జాతిది. అది ఈ వాసనకు రాదు. క్యూలూర్ అను వేరొక ఎరకు వచ్చును. మామిడి ఎరను బీరపాదుకు కట్టి, ఈగలు పడలేదని మందును నిందించుట న్యాయము కాదు.

మరియొక మాట. ఎరబుట్టలో పడునవి మగ ఈగలే. గ్రుడ్లు పెట్టునది ఆడది. అది పక్వమునకు వచ్చుచున్న కాయ తోలును గ్రుచ్చి లోపల గ్రుడ్లుంచును. తన జీవితకాలమున వేయికి మించి పెట్టగలదు. రెండు మూడు దినములలో తెల్లని పురుగులు పుట్టి గుజ్జును తినును. కాయ రాలిన పిమ్మట అవి నేలలోనికి దిగి, రెండు మూడు అంగుళముల లోతులోపలనే గింజవలె మారి, కొన్ని దినములకు ఈగలై లేచును. రాలిన కాయను చెట్టుక్రిందనే విడిచిన రైతు వచ్చే నెల ఈగలకు తానే విత్తనము చల్లినవాడగును. కావున ఈ క్రింది పనులు చేయవలెను.

1. రాలిన కాయలను ప్రతిదినము ఏరి రెండడుగుల లోతున పూడ్చవలెను. పెంటకుప్పపై వేయరాదు.

2. చెట్ల పాదులను తేలికగా దున్ని, నేలలోని పురుగును ఎండకును పక్షులకును చూపవలెను.

3. కాయ పక్వమునకు రాకమునుపే ఎరబుట్టలు కట్టవలెను. ఇరుగుపొరుగు తోటలవారందరు కలిసి కట్టిననే ఫలము. ఈగకు గట్టు హద్దు లేదు.

4. పక్వమైన కాయను చెట్టుపై ఉంచక సకాలమున కోయవలెను. మేలురకపు కాయలకు కాగితపు సంచులు తొడుగుట మంచిది.

పండ్లలో ఈగ పురుగులు దొరకినవని 2014 మే నెల 1వ తేదీ నుండి ఐరోపా దేశములు మన దేశపు మామిడిని నిషేధించెను. కోసిన పండ్లను శుద్ధిచేసి పరీక్షించు ఏర్పాట్లు బాగుపడిన పిమ్మట, 2015 జనవరిలో ఆ నిషేధము తీసివేయబడెను. 48 సెంటీగ్రేడు డిగ్రీల వేడినీటిలో ఒక గంట యుంచుట అట్టి శుద్ధిలో నొకటి. ఒక తోటలోని అజాగ్రత్త వేయి తోటల బేనిషాను బుట్టలను రేవులో నిలిపివేయగలదని దీనివలన తెలిసికొనవలెను.

తుదిగా నొక మనవి. మీ తోటలో మునుపెన్నడు చూడని ఈగ కనబడినచో, దానిని నలిపివేయక చిన్న సీసాలో నుంచి, ఊరు, తేది, చెట్టు పేరు చీటిపై వ్రాసి, వ్యవసాయ శాఖ ఉద్యోగికి అందజేయుడు. కెన్యా ఈగ మొదట కంటబడినది తోటలోనే. మీ కన్నులకును అట్టి పని కలదు. అది క్రొత్తదో, పాతదే క్రొత్త రంగుతో వచ్చినదో తేల్చుట తెలిసినవారి పని. దానిని వారి యెదుటికి తెచ్చుట మీ పని. పేరు సరియైనప్పుడు పట్టా నిలుచునట్లే, పేరు సరియైనప్పుడు పంటయు నిలుచునని విన్నవించి విరమించుచున్నాను.