సెలవుల్లోనూ పిల్లలకు అన్నం పెట్టాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఏప్రిల్ చివర్లో బడికి తాళం పడితే మళ్లీ తెరిచేది జూన్‌లోనే. అన్నాళ్లూ బడి పొయ్యి వెలగదు. తల్లులు పొద్దున్నే ఉపాధి పనికి పోతారు. ఇంట్లో పిల్లలకు మధ్యాహ్నం ఏముంటది? పొద్దున మిగిలిందే.

2013 ఆహార భద్రత చట్టం ప్రభుత్వ బడి పిల్లలకు 8వ తరగతి దాకా ఉచిత భోజనాన్ని హక్కు చేసింది. కానీ సెలవు రోజులు తప్ప అని రాసింది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది, 2016లో మళ్లీ చెప్పింది. అంటే కరువు మండలం అయితేనే అన్నం. పక్క మండలం పిల్లకు ఆకలి కాదా?

అందుకే మూడు తీర్మానాలు చేద్దాం. ఒకటి, కరువుతో సంబంధం లేకుండా వేసవి భోజనానికి ఏటా బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. రెండు, సరుకుల డబ్బు ముందే ఇవ్వాలి. అప్పు తెచ్చి వండితే మన పొదుపు వడ్డీలకే పోతది. మూడు, వండేవాళ్లకు ఆ రెండు నెలల గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. కేంద్రం ఇచ్చేది ఏడాదికి 10 నెలలకే.

మన వంతు పనీ ఉంది. సెలవుల్లో ఊళ్లో ఉండే పిల్లల పేర్లు గ్రామ సంఘమే రాసియ్యాలి. చిన్న తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, 6 నుంచి 8 తరగతుల పిల్లకు 150 గ్రాములు. లెక్క సరిగ్గా ఉంటే అడిగే నోటికి బలం ఉంటది.