పసిబిడ్డ ఒంటికి రాసేది ఏమిటో చూడండి
(పాల ఉత్పత్తిదారుల సంఘాల మహిళా సభ్యుల సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)



కేంద్రానికి మీరు పాలు తెస్తే లాక్టోమీటరు పెట్టి చూస్తారు, నమూనా తీసి వెన్న శాతం కడతారు. ఒక పూట శాతం తగ్గితే ఎందుకు తగ్గిందని మీరు నిలదీస్తారు. అది మీ హక్కు. కాని ఆ పాల బిల్లు డబ్బుతోనే కొన్న పౌడరు డబ్బాలో ఏముందని దుకాణంలో అడిగేవారు అరుదు.

1972లో ఫ్రాన్సు దేశంలో జరిగిన సంగతి మనవి చేస్తాము. అక్కడ పసిపిల్లల పౌడరు ఒకదానిలో తయారీ సమయంలో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారక మందు పొరపాటున కలిసింది. నూటికి 6 పాళ్ళు! తల్లులు ఎప్పటిలాగే స్నానం చేయించి పౌడరు అద్దారు. 204 మంది పిల్లలు జబ్బుపడ్డారు. 36 మంది చనిపోయారు. ఆ మందును ఎవరూ నోట్లో పోయలేదు. చర్మం గుండానే లోపలికి దిగి మెదడును దెబ్బతీసింది. గుడ్డ తడికి ఒరిసిపోయిన చర్మమైతే ఇంకా త్వరగా దిగుతుంది.

పెద్దలకు ఏమీ చేయనిది బిడ్డకెందుకు చేటు? బిడ్డ బరువు తక్కువ, ఆ బరువుకు చర్మం ఎక్కువ. ఆ చర్మమూ పలుచన. లోపలికి వెళ్ళిన విషాన్ని బయటకు పంపే కాలేయం, మూత్రపిండాలు ఇంకా పూర్తిగా ఎదగలేదు.

ఫ్రాన్సు దాకా ఎందుకు, మన ఇళ్ళలోకే వద్దాము. జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి ఛాతీకి రాస్తాము. కర్పూరం పసివారికి మూర్ఛ తెప్పించగలదు. కొంచెం నోట్లోకి పోయినా ప్రమాదమే. రెండేళ్ళ లోపు బిడ్డకు కర్పూరం వద్దే వద్దు. బజారులో దొరికే సుర్మాల్లో సీసం ఉండవచ్చు. కళ్ళు నలుపుకున్న చెయ్యి బిడ్డ నోట్లోకే పోతుంది. సీసం మెదడు ఎదుగుదలను, రక్తాన్ని పాడుచేస్తుంది. దానికి ఇంతవరకు ఫరవాలేదనే హద్దు లేదు. దిష్టిచుక్క లేకపోతే మనసు ఊరుకోదంటారా, దీపపు మసితో ఇంట్లో చేసిన కాటుక అరికాలికి పెట్టండి, కంట్లో మాత్రం వద్దు.

ఇక మంచి పౌడరైనా ముఖం దగ్గర దులిపితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాంబ్రాణి మాట ఎత్తితే అత్తగార్లకు కోపం వస్తుందని తెలుసు. అయినా పొగ పొగే, అమ్మా!

బిడ్డకు గోరువెచ్చని నీళ్ళు, పొడి నూలుగుడ్డ, ఒంటికి కాస్త వట్టి కొబ్బరినూనె చాలు. డబ్బా మీద సరుకుల పేర్లు, తయారీ తేదీ లేకపోతే కొనకండి. చదవడం రాకపోతే సంఘం కార్యదర్శి చేత చదివించుకోండి.

బిడ్డ కర్పూరం మింగినా, ఏదైనా రాసిన తరువాత మూర్ఛ వచ్చినా, బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ డబ్బాను కూడా కొంగున కట్టుకుని పొండి. బిడ్డకు పడింది ఏమిటో డాక్టరుగారికి తెలియాలి గదా.