ఎడారిబాటలో చల్లదనము



ఉద్యోగరీత్యా ఈ జోధ్‌పూరు ప్రాంతమునకు వచ్చిన మన కుటుంబములు వేసవి సెలవులలో పిల్లలతో జీపెక్కి, రోడ్డు విడిచి ఇసుకతిన్నెలలో తిరుగుటకు ముచ్చటపడుచున్నవి. వలదని నేననను. కాని కోస్తా ఎండను ఎరిగినవారెల్ల ఎడారి ఎండను ఎరిగినట్లు కాదు. 2016 మే 19న ఇచ్చటి ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైనది.

కాకినాడలో చెమట చొక్కాను తడిపి మనలను హెచ్చరించును. ఇచ్చటి పొడిగాలి చెమటను పుట్టినచోటనే త్రాగివేయును. బిడ్డ ఒళ్లు పొడిగా నున్నదని తల్లి నిశ్చింతగా నుండును. ఒంటిలోని నీరు మాత్రము తరిగిపోవుచునే యుండును. కావున దాహమని అడుగకమునుపే కొంచెము కొంచెముగా నీరు పట్టవలెను. మూత్రము ముదురు పసుపైనచో అప్పటికే ఆలస్యమైనదని గ్రహింపవలెను.

ఆ పొడిగాలియే మనకు చుట్టము కూడ కాగలదు. జీపు ముందు వ్రేలాడదీసిన కాన్వాసు సంచిలో నీరు చల్లబడుట మన మట్టికూజా ధర్మమే: పైకి ఊరిన తడి ఆవిరియగుచు లోని వేడిని కొనిపోవును. మెడకు చుట్టిన తడిగుడ్డయు అంతే. సముద్రతీరమున ఈ ఉపాయము ఇంతగా పారదు.

చక్రము ఇసుకలో దిగబడినచో నడియెండలో పార పట్టకుడు. (ఫైళ్లు త్రిప్పు చేతులకు ఆ ఉత్సాహము అప్పుడే పుట్టును!) బండికి దుప్పటి కట్టి, ఆ నీడలో పొద్దు వాలనిండు. అద్దములు కొంచెము దించియైనను పిల్లలను మూసిన బండిలో విడువరాదు; పది నిమిషములలోనే లోపలివేడి సుమారు పది డిగ్రీలు పెరుగును. బిడ్డ మాట తడబడి మగతగా నున్నచో, నీరు త్రాగింపజూడక, ఒళ్లంతయు తడిపి విసరుచు వెంటనే ఆసుపత్రికి బండి మరలింపుడు.