అమ్మ భుజం చూసిన కొడుకు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మార్కండేయుని పూజ అయింది, పిల్లల సన్మానాలు అయినయి, ఇప్పుడు సినిమా ముచ్చట ఏందని అనుకోకండి. ఇది మన ఇంటి ముచ్చటే.

2019 జూన్ 21న 'మల్లేశం' సినిమా విడుదలైంది. రాజ్ రాచకొండ దర్శకుడు. మల్లేశంగా ప్రియదర్శి, అమ్మ లక్ష్మిగా ఝాన్సీ, భార్య పద్మగా అనన్య నాగళ్ల నటించిండ్రు. ఇందులో ఫైట్లు లేవు, తొడగొట్టుడు లేదు. ఉన్నదల్లా ఒక ఇల్లు, ఒక మగ్గం, అమ్మ భుజం నొప్పి. అయినా మేము రెండుసార్లు చూసినం.

కథ నిజంగా జరిగిందే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి జీవితం ఇది. ఘుగ్గుస్‌లో పుట్టిన మన పిల్లలకు ఆసు అంటే తెలియదు కాబట్టి చెప్తం. పోచంపల్లి తీరు చీరకు నూలుకే ముందుగా చిటికి కట్టి రంగు వేస్తరు. అంతకన్నా ముందు ఆ దారాన్ని అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల మీద పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆ పని ఇంటి ఆడవాళ్లదే.

ఇక తనతోని కాదని ఆ అమ్మ అన్నది. ఆ కొడుకు ఏదో కనిపెట్టి పేరు తెచ్చుకోవాలని బయలుదేరలేదు. అమ్మ భుజాన్ని చూసిండు, అంతే. 1992లో మొదలుపెడితే 1999 నాటికి యంత్రం పూర్తయింది. ఆ నడుమ అప్పులైనయి, ఊళ్లో నవ్విండ్రు, హైదరాబాద్ పోయి పని చేసుకుంటూ మిగిలిన భాగాలు తయారు చేసుకున్నడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టిండు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మన తాతలు, తండ్రులు మగ్గం గుంతలోంచి లేచి ఇక్కడి బొగ్గు గనులకు, సిమెంటు పనికి వచ్చినవాళ్లు. మిల్లు బట్ట, మరమగ్గాల ముందు చేనేత నిలవలేదు. యంత్రం మన పొట్ట కొట్టిందనే మాట వింటూనే మేము పెరిగినం. ఈ సినిమాలో యంత్రం వేరే పని చేసింది. నేతను చేతుల్లోనే ఉంచింది, నొప్పిని తీసేసింది. ఈ తేడా పిల్లలకు చెప్పదగినది.

అయితే మమ్మల్ని కదిలించింది ఇంకొకటి. మా ఇంట్లో ఎప్పుడూ "తాత నేసేటోడు" అనే చెప్పుకుంటం. సినిమా నడుస్తుంటే నాయనమ్మ మెల్లగా అడిగింది: "మరి కండెలు ఎవలు చుట్టిండ్రు రా?"

మా దగ్గర జవాబు లేదు.

ఆమె కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. వయసు వల్ల అనుకున్నం, ఎన్నడూ అడగలేదు. తెల్లారకముందే రాట్నం ముందు కూర్చునేదట, చంకలో మా నాయనను పెట్టుకొని. గనిలో పని చేసినందుకు నాయనకు పింఛన్ వస్తుంది. కండెలు చుట్టిన చేతికి ఏ లెక్కలోనూ పేరు లేదు. మగ్గం మీద ఒకరు కూర్చుంటే, వెనక ఇల్లంతా పని చేసింది. మనం కూర్చున్న ఒక్కరినే లెక్కపెట్టినం.

అందుకే ఒక విన్నపం. మన పిల్లలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. నాడె, కండె, పడుగు, పేక, అచ్చు, ఆసు అనే మాటలు పెద్దవాళ్లతోనే పోతున్నయి. వచ్చే సంచికకు ప్రతి ఇంటి నుంచి ఒక పేజీ రావాలి. తాత ఏ ఊళ్లో నేసిండో రాయండి. పక్కనే అమ్మమ్మ, నాయనమ్మ ఏ పని చేసిందో కూడా రాయండి. రాయలేకపోతే ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేసి పంపండి.

ఈ ఆదివారం ఇంట్లో 'మల్లేశం' పెట్టండి. ఇంట్లో పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకోండి. సినిమా అయిపోయినంక మనం మాట్లాడొద్దు. ఆమెను మాట్లాడనిద్దాం.

సెలవు. జై మార్కండేయ!