పుస్తకం పక్కన మనిషి

సర్వేపల్లి రాధాకృష్ణన్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి, మనసుకు స్వస్థత ఇస్తామనే పుస్తకాలను విషయంగా ఎంచుకున్నాను. ఒక చికిత్సకుడి వైపు నుంచి వాటిని పరిశీలిస్తాను. 1888లో ఈ తిరుత్తణి ప్రాంతంలో తెలుగు ఇంట పుట్టి, ఇక్కడి బడిలోనే చదువు మొదలుపెట్టిన రాధాకృష్ణన్, 1948లో భగవద్గీతకు ఇంగ్లీషులో అనువాదం, వ్యాఖ్యానం ప్రచురించారు. కుంగిపోయిన మనిషి తిరిగి నిలదొక్కుకోవడం గురించి మనకున్న గ్రంథాల్లో గీతకున్నంత ప్రసిద్ధి మరి దేనికీ లేదు. అందులో అర్జునుడి చేతికి ఎవరూ పుస్తకం ఇచ్చి వెళ్లిపోలేదు. అతను అడిగాడు, సందేహించాడు, మళ్లీ అడిగాడు. పక్కనున్నవాడు ఓపికగా బదులిచ్చాడు. నా వాదం కూడా అదే. మంచి పుస్తకం మనసును నయం చేయడంలో తోడ్పడుతుంది. అయితే దాన్ని కలిసి చదివే మనిషి ఉన్నప్పుడే ఆ మేలు ఎక్కువమందికి అందుతుంది.

పుస్తకాన్ని మందులా రాసిచ్చే పద్ధతి బ్రిటన్‌లో 2003లో కార్డిఫ్‌లో మొదలై, 2013లో ఇంగ్లండ్ గ్రంథాలయాలకు చేరింది. నెదర్లాండ్స్ పరిశోధకుడు పిమ్ కైపర్స్ బృందం 2010లో 21 పరిశోధనలను కలిపి చూసింది. దిగులు, ఆందోళన ఉన్నవాళ్లు ఒకరి మార్గదర్శకత్వంలో స్వయంగా సాధన చేసినప్పుడు, చికిత్సకుడి ఎదుట కూర్చున్నవాళ్లకు దాదాపు సమానమైన మేలు పొందారని తేల్చింది. ఎవరి తోడూ లేని చదువుకు ఫలితం తక్కువని ఇతర సమీక్షలు చెబుతున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదవడానికి ఏకాగ్రత కావాలి, రేపు కాస్త బాగుంటుందన్న నమ్మకం కావాలి. దిగులు ముందుగా లాక్కునేది ఆ రెంటినే. ‘ఈ వారం ఎంతవరకు చేయగలిగావు, ఎక్కడ ఆగిపోయావు’ అని అడిగే మనిషి ఉంటే ఆగిన చదువు మళ్లీ కదులుతుంది.

ఈ ప్రాంతంలో ఆ అవసరం మరింత ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. అందువల్ల తిరుత్తణి, తిరువళ్లూరు వైపు తెలుగు ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ తమిళమే చదవగలిగే యువతరం ఉంది. తమిళం చదవడం రాని పెద్దలూ ఉన్నారు. బాధ చెప్పుకునే భాష ఒకటి, చదువుకునే భాష మరొకటి అయినప్పుడు, ఏ లిపిలో అచ్చయిన పుస్తకమైనా ఇంట్లో కొందరికి అందదు. ఒకరు చదివి, అర్థం చెప్పి, మిగతావారు వినడమే దీనికి దారి. పురాణ కాలక్షేపం ఎరిగిన సమాజానికి ఇది కొత్తేమీ కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. నిపుణులు లేరు కాబట్టే పుస్తకం కావాలంటుంటే, పుస్తకానికీ మనిషి కావాలంటే ఎలా అని అడగవచ్చు. కానీ ఆ మనిషి నిపుణుడే కానక్కర్లేదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం శిక్షణనిచ్చిన సాధారణ సలహాదారులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన దిగులున్నవారికి మేలు చేయగలిగారని 2017లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. తమిళనాడులో 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద మహిళా కార్యకర్తలు బీపీ, షుగర్ మందులతో ఇళ్లకే వెళుతున్నారు. శిక్షణనూ గౌరవప్రదమైన వేతనాన్నీ ఇచ్చి, వారి సంచిలో ఒక చిన్న పుస్తకం కూడా చేర్చవచ్చు.

రెండో అభ్యంతరం పరువుకు సంబంధించింది. తన బాధ నలుగురికీ తెలియకూడదనే కొందరు పుస్తకాన్ని ఆశ్రయిస్తారు. ఆ గోప్యతను కాపాడాల్సిందే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని హక్కుగా గుర్తించింది. అయితే పుస్తకం తనను చదివేవారిని చూడలేదు. ఆలోచన మారితే జీవితం మారుతుందని నమ్మబలికే పుస్తకం, అప్పులతోనో భర్త తాగుడుతోనో నలిగే స్త్రీ చేతిలో పడితే, మారలేకపోవడం తన తప్పేనన్న అపరాధ భావాన్ని అదనంగా మిగులుస్తుంది. గొప్ప సాహిత్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కుంగుబాటును లోపలినుంచి చూపిన నవల. కథానాయకుడు సీతారామారావు పతనం మరణంతో ముగుస్తుంది. కోలుకున్న మనిషికి అది ఆత్మపరిశీలన కావచ్చు, చావు ఆలోచనల్లో ఉన్నవారికి అది చదివే సమయం కాకపోవచ్చు. ఎవరికి ఏది ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు పుస్తకం మూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో, 14416 టెలి మానస్ సహాయవాణికి ఎప్పుడు ఫోన్ చేయాలో పక్కనున్న మనిషే గుర్తించగలరు.

ఇక చేయాల్సిన పని విషయానికొస్తే, స్వతంత్ర భారతంలో ముందుగా 1948లో గ్రంథాలయ చట్టం చేసింది మన మద్రాసు రాష్ట్రమే. తిరుత్తణి, తిరువళ్లూరు గ్రంథాలయాల్లో తెలుగు, తమిళ భాషల్లో చికిత్సకులు పరిశీలించి ఎంచిన కొన్ని పుస్తకాలు ఉండాలి. వారానికొక పూట బిగ్గరగా చదివి మాట్లాడుకునే చోటు ఉండాలి. నడిపేవారికి శిక్షణ ఉండాలి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంతో నేరుగా సంబంధం ఉండాలి. పుస్తకాలు కొనే డబ్బులో కొంత భాగం వాటిని చదివి వినిపించే మనుషుల కోసం కేటాయించమని ఈ సభ తరఫున ప్రభుత్వాన్నీ దాతలనూ కోరుతున్నాను.