సంధి చేయువాని యోగ్యత

అనంతపురపు మెరకనేలలో పుట్టినవారికి తగవనగానే నీరు జ్ఞప్తికి వచ్చును. ఏడాది మొత్తమున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ ఇది. బావిలో నీరు తగ్గిన కొలది మనుష్యుల ఓర్పును తగ్గును. గట్టుమీద పుట్టిన మాట కొట్లాటయై, కక్షయై, రెండు మూడు తరములను బాధించిన ఊళ్లను మన మెఱుగుదుము. కావున ఇచ్చట సంధి కూర్చుట ప్రాణములతో ముడివడిన పని. వైద్యునకు పరీక్ష యున్నది. బడిపంతులునకు పరీక్ష యున్నది. సంధి కూర్చువానికి ఏది పరీక్ష?

ముందుగ నా తప్పును చెప్పుకొందును. నేనొక పల్లెలో తెలుగు పండితుడుగ నున్న కాలమున ఇద్దరు దాయాదులు ఉమ్మడి బావికై తగవులాడి నాయొద్దకు వచ్చిరి. నేను వారిని కూర్చుండబెట్టి, భారతమునుండి నాలుగు నీతులు చెప్పి, ఉదయము పెద్దవానికి, మధ్యాహ్నము చిన్నవానికి మోటారు వేసికొను హక్కని కాగితము వ్రాసితిని. సరిసగము! ఇరువురును వ్రాలు చేసిరి. ఊరు నన్ను మెచ్చినది.

మరుసటి ఏడు వాన తప్పినది. బావిలో రాత్రి ఊరిన నీరే నీరు. తెల్లవారగనే పెద్దవాడు దానిని తోడివేయగ, చిన్నవాని వంతునకు బురద మిగిలెను. వాని చేను ఎండినది. ఒక రాత్రి కఱ్ఱలు లేచినవి. ఒకని తల పగిలినది. నేను పంచినది గడియారమును గాని నీటిని గాదు.

పిదప ఆ తగవును తీర్చినవాడు చెరువునీరు పంచు నీరుగంటి. అతనికి అక్షరము రాదు. అతడు మొదట బావిలోనికి దిగి, రాత్రి ఎన్ని మూరలు ఊరునో కఱ్ఱతో కొలిచెను. తరువాత రెండిండ్లకును వేరువేరుగ పోయి, ఆడువారిని సైతము అడిగి తెలిసికొనెను. నేటి ఉదయపు వంతు ఒకనిదైన, రేపటి ఉదయపు వంతు రెండవవానిదని నిర్ణయించెను. ఆ ఒడంబడిక మఱియొక కఱవును దాటినది.

మన పూర్వులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. కౌటిల్యుడు ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటిని ఎరచూపి అమాత్యులను రహస్యముగ శోధింపవలెనని, ధర్మపరీక్షలో శుద్ధుడైనవానిని న్యాయస్థానమున నిలుపవలెనని అర్థశాస్త్రమున విధించెను. శత్రుమిత్రులయందు సమబుద్ధి గలవారే సభ్యులు కావలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఇవి శీలమునకు పరీక్షలు. ఆనాడు నేనొక కాసు పుచ్చుకొనలేదు, ఒకరికి వెఱవలేదు. నాకు లోపించినది శీలము గాదు, పనితనము. శీలపరీక్ష వేఱు, పనితనపు పరీక్ష వేఱు, రెండును గావలెను.

1800 నుండి 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగ అనంతపురమున నుండిన మన్రో గ్రామపంచాయతులను నమ్మినవాడు. 1816 నాటి మద్రాసు నిబంధనలు వానికి చట్టబల మొసగినవి. మన కాలమున సుప్రీంకోర్టు 2005లో మధ్యవర్తిత్వమునకై ఒక సంఘమును నెలకొల్పగ, మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ ఏర్పడినది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము ఇరుగుపొరుగుల శాంతిని చెఱచు తగవులకు ముగ్గురు మధ్యవర్తులను చెప్పినది. వారిలో సమాజమున గౌరవము గలవారును, మధ్యవర్తిత్వమున అనుభవము గలవారును ఉండవచ్చునన్నది. సంతోషము. కాని ఆ పల్లెలో నాకును గౌరవ ముండెను! గౌరవము ఇరువురను ఒకచోట కూర్చుండబెట్టగలదు, బావిలోతును చెప్పజాలదు.

శ్రోతలారా! మీ ఊర తగవు తీర్చ నొకరిని పిలుచునపుడు నాలుగు ప్రశ్న లడుగుడు. తగవు పుట్టిన చోటును కన్నులార చూచెనా? ఇరువురి మాటను వేరువేరుగ వినెనా? సభకు రానివారిని, కూలివారిని, స్త్రీలను విచారించెనా? అతని మాటవలన నష్టపడినవాడు మరల అతనినే పిలుచునా? నాలుగవది అన్నింటికంటె కఠినమైన ప్రశ్న. దానికి జవాబు వ్రాలు చేసిన నాడు దొరకదు. వాన తప్పిన ఏడు దొరకును. నలువది గంటలు నేర్చినవాడు సైతము ఒక కఱవుకాలమైన నీరుగంటివంటి వాని వెంట తిరుగుట మేలు. ఆ పరీక్షలో తప్పినవాడను గనుకనే ఇంత చెప్పగలిగితిని.