సుగ్గికి పోయే ముందు లెక్క చూసుకుందాం
(అక్టోబరు 2025లో ఆదోని ప్రాంత సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



దీపావళి దాటితే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కొందరు గుంటూరు, పల్నాడు మిరప చేలకు, కొందరు ఖమ్మం వైపు, కొందరు కర్ణాటకకు పోతారు. మన భాషలో ఇది సుగ్గి. పంట పండుగకు పెట్టుకోవాల్సిన పేరును మనం ఊరు విడవడానికి పెట్టుకున్నాం. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీళ్లు రావు, వాన పంట అప్పుకు చాలదు. కాబట్టి పోవద్దని చెప్పడానికి ఈ సమావేశం పెట్టలేదు. మేస్త్రీ చెప్పే కూలికీ, మనం ఇంటికి తెచ్చే కూలికీ ఎంత తేడా ఉందో చూద్దామని పెట్టాం.

"కిలోకు పది రూపాయలు, రోజుకు 45 కిలోలు కోస్తావు, 450 పడతాయి" అంటాడు మేస్త్రీ. అది అబద్ధమేమీ కాదు. మొదటి కోతలో, చెట్టు నిండా పండుకాయ ఉన్నప్పుడు, చెయ్యి తిరిగినవాళ్లు అంత కోస్తారు. రెండో కోత, మూడో కోతకు కాయ పలచబడుతుంది. రేటు అదే, చెట్టు చెట్టుకూ వెతుక్కోవాలి. కోతకూ కోతకూ మధ్య ఖాళీ రోజులుంటాయి. వాన పడితే పని ఉండదు. చేను మారిన రోజు కూలి ఉండదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహకు వేసింది, మీ అంకెలు మీరు వేసుకోండి. భార్యాభర్తలు 75 రోజులు పోయారు. అందులో పని దొరికింది 55 రోజులు. మనిషికి 15 రోజులు 45 కిలోల చొప్పున, 40 రోజులు 28 కిలోల చొప్పున కోశారు. ఒక్కరికి 1,795 కిలోలు, ఇద్దరికీ 3,590. పది రూపాయల లెక్కన 35,900. కాటా దగ్గర సంచికనీ, తేమకనీ నూటికి ఐదు కిలోల తరుగు తీస్తే మిగిలేది 34,100.

ఇక ఖర్చు. రానుపోను బండి కిరాయి 2,400. జ్వరాలకు, ఒళ్లు నొప్పులకు 1,500. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న 20,000 అడ్వాన్సుకు నూటికి మూడు రూపాయల వడ్డీ, మూడు నెలలకు 1,800. తిండికి ఇద్దరికీ రోజుకు వంద లెక్కన 7,500. "ఇంట్లో ఉన్నా తినాలి కదా" అని మీరంటారు. నిజమే, సగమే వేసుకుందాం, 3,750. మొత్తం ఖర్చు 9,450. మిగిలింది 24,650.

దీన్ని ఇద్దరికీ పంచి, పని చేసిన 55 రోజులతో కాకుండా ఊరు విడిచిన 75 రోజులతో భాగించండి. మనిషికి రోజుకు 164 రూపాయలు. 450 అని బయలుదేరిన కూలి ఇంటికి వచ్చేసరికి ఇంత. అడ్వాన్సు 20,000 మినహాయిస్తే వచ్చే రోజు చేతిలో పడేది 4,650. వచ్చే ఏడాది మళ్లీ అదే మేస్త్రీ ఇంటికి ఎందుకు పోతున్నామో ఈ అంకెలోనే ఉంది.

ఇందులో కలవని ఒక మనిషి ఉంది. పదేళ్ల పిల్ల తల్లి పక్కన వరుసలో కోస్తే ఆ కిలోలు తల్లి సంచిలోనే పడతాయి. రోజు కూలి అయితే పిల్లను పనిలో పెట్టుకున్నావేమని ఎవరైనా అడుగుతారు. కిలో లెక్కలో పిల్ల చెయ్యి కనిపించదు. "మాకు బాగానే పడింది" అని వచ్చిన కుటుంబాలను అడిగితే చాలాసార్లు అక్కడ నాలుగు చేతులు కాదు, ఆరు చేతులు పని చేశాయని తేలుతుంది. మన జిల్లాలో వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు నడిచాయి. మీ బడిలో ఉందో లేదో బయలుదేరే ముందే హెడ్మాస్టరును అడగండి. లేకపోతే నలుగురం కలిసి ఎంఈవో దగ్గరికి పోదాం.

మేస్త్రీ మాటకొస్తే, అందరూ దొంగలని మేము అనం. బండి మాట్లాడేది, చేను వెతికేది, రాత్రి ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేది అతనే. దానికి కమిషన్ తీసుకోనీ. కానీ అది ఎంతో మనకు తెలియాలి. రైతు 11 ఇచ్చి, మనకు 10 చేరితే, మన లెక్కలోని ఒక జంట మీద అది 3,590 రూపాయలు. ఇరవై జంటల గుంపు మీద 71,800. అందుకే రేటు మాట్లాడేటప్పుడు రైతు ముందర మనవాళ్లు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి.

అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వం, వేరే చేనుకు పోనివ్వం అంటే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు, కలెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. మేస్త్రీ ద్వారా ఖమ్మం, కర్ణాటక పోయేవాళ్లకు 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉంది. గుంపు ఐదుగురికి తగ్గకుంటే ప్రయాణ భత్యం ఇవ్వాలి. నెల కూలిలో సగం గానీ 75 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది, తిరిగి అడగని భత్యంగా కూడా ఇవ్వాలి. దాన్ని అందుకున్నవాళ్లు ఇక్కడ ఉంటే చెయ్యి ఎత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

ఊళ్లోనే ఉంటే ఉపాధి హామీ. ఈ ఏడాది రేటు 307 రూపాయలు. అదీ మేస్త్రీ మాటలాంటిదే. కొలత ప్రకారం మట్టి తీస్తేనే 307, లేకపోతే తగ్గుతుంది. పైగా వంద రోజులు ఇంటికి, మనిషికి కాదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోతే యాభై రోజుల్లో అయిపోతుంది. కొలతలో 250 పడిందనుకుంటే వంద పనిదినాలకు 25,000. సుగ్గిలో మిగిలిందీ దాదాపు అంతే, కాకపోతే ఇక్కడ యాభై రోజుల్లోనే, ఇంట్లో పడుకుని, పిల్లల్ని బడికి పంపుకుంటూ.

చిక్కేమిటంటే మనకు పని కావాల్సిన చలికాలంలో పని పెట్టరు. "ఎండాకాలం రండి" అంటారు. నోటితో అడిగితే అంతే. కాగితం మీద దరఖాస్తు ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకుంటే 15 రోజుల్లో పని చూపాలి. లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతు, తర్వాత సగం. రసీదు లేకపోతే మనం అడిగినట్టే కాదు. కూలి 15 రోజులు దాటితే పరిహారం కూడా ఉంది, రోజుకు 0.05 శాతం. మూడు వేల బాకీ మీద రోజుకు రూపాయిన్నర. టీ కూడా రాదు, అయినా అడగండి. అడిగితేనే ఆలస్యం రికార్డుకెక్కుతుంది.

చివరిగా, మనం కోసే చేను కూడా ఒక రైతుదే. గుంటూరు, పల్నాడులో మన సంఘ సభ్యులే కూలీలను పెట్టుకుంటున్నారు. ఈ ఏడాది మొదట్లో మిరప ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. క్వింటాలు ఎండుకాయ కావాలంటే మూడు నాలుగు క్వింటాళ్ల పండుకాయ కోయాలి. కిలోకు పది అంటే కోత కూలే మూడు నాలుగు వేలు. ఆ రైతు ఎక్కడ బిగిస్తాడు? మందుల కంపెనీ దగ్గర బిగించలేడు, వడ్డీ దగ్గర బిగించలేడు, కాటా దగ్గర బిగిస్తాడు. ఈ మాట మేము అక్కడి సభ్యుల ముందు కూడా అంటాం. ధర కోసం వాళ్లు ధర్నా చేస్తే మనం నిలబడతాం. వాళ్లు తరుగు మానాలి, ఏ కోత డబ్బు ఆ కోతకే చెల్లించాలి, కాటా చీటీ రెండు రాసి ఒకటి కూలీకి ఇవ్వాలి. అక్కడి కమిటీలతో ఈ మూడింటి మీద మాట్లాడుతున్నాం.

సంఘం ఆఫీసులో చిన్న నోటు పుస్తకాలు పెట్టాం. తేదీ, కిలోలు, తరుగు, అడ్వాన్సు, పని లేని రోజు, ఇవి రాసుకోవడానికి గీతలు కొట్టి ఉన్నాయి. ఇంటికొకటి తీసుకెళ్లండి. రాయడం రానివాళ్లు గుంపులో చదువుకున్న పిల్లతో రాయించండి. పోయేవాళ్ల పేర్లు, మేస్త్రీ పేరు, చేరే ఊరు మాకు రాసి ఇచ్చి పోండి. ఉండేవాళ్లు సోమవారం పది గంటలకు జాబ్ కార్డులతో మండల ఆఫీసుకు రండి, దరఖాస్తులన్నీ ఒకేసారి ఇచ్చి రసీదులు తీసుకుందాం.